ఒక్క రోజులో వియత్నాం, థాయ్, మలేషియా వంటలు: నల్లగొండ మిత్రబృందానికి నా సలహా

ముందుగా మీ ప్రశ్నను ఒకసారి చెప్పుకుంటాను. నల్లగొండకు చెందిన ఆరుగురు మిత్రులు ఒక రోజు హైదరాబాద్ వెళ్లి, ఆగ్నేయాసియా దేశాల వంటలను వరుసగా రుచి చూడాలనుకుంటున్నారు. మీలో ఇద్దరు శాకాహారులు, ఒకరికి రొయ్యలు పడవు. మరొక మిత్రుడు "ఇవన్నీ చైనీస్ నూడుల్స్ వంటివే కదా, దీనికి రోజంతా ఎందుకు" అని అడుగుతున్నాడు. ఎన్ని హోటళ్లకు వెళ్లాలి, ఏ వరుసలో వెళ్లాలి, ఏమేమి తెప్పించుకోవాలి అన్నది మీ సందేహం. నాది మహబూబ్‌నగర్. మలేషియాలో, పెనాంగ్‌లోనూ కౌలాలంపూర్‌లోనూ హోటల్ వంటశాలల్లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చి, ఇప్పుడు ఇక్కడే క్యాటరింగ్ నడుపుతున్నాను. వీలు చిక్కినప్పుడల్లా మిత్రులను వెంటబెట్టుకొని హైదరాబాద్‌లో మీరు అనుకుంటున్నటువంటి రోజే గడుపుతుంటాను కాబట్టి, ఆ అనుభవంతో చెబుతున్నాను.

మూడు హోటళ్లు చాలు. మధ్యాహ్నం పన్నెండుకు వియత్నాం, రెండింటికి థాయ్, రాత్రి ఏడింటికి మలేషియా లేదా ఇండోనేషియా. ఈ వరుసను మాత్రం మార్చవద్దు. వియత్నాం వంటలో పలుచని రసం, పచ్చి ఆకులు, నిమ్మరసం ఎక్కువ, నూనె తక్కువ. థాయ్ వంటలో కారం, పులుపు, కొబ్బరిపాలు కలుస్తాయి. మలేషియా, ఇండోనేషియా వంటలు కొబ్బరి, మసాలా, వేపుడు నూనెలతో బరువుగా ఉంటాయి. కొబ్బరిపాల కొవ్వు ఒకసారి నాలుకకు పట్టిన తర్వాత వియత్నాం సూప్ తాగితే అది వేడినీళ్ల వలె చప్పగా తోస్తుంది. అంత మంచి సూప్‌ను అలా పోగొట్టుకోవడం అన్యాయం. నాలుగో హోటల్ కూడా చూద్దామని మీలో ఎవరో ఒకరు తప్పక అంటారు, ఒప్పుకోకండి. కడుపు నిండిన వాడికి ఏ దేశపు వంటైనా ఒకటే.

సమయాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఇటువంటి హోటళ్లలో చాలావాటి వంటశాలలు మధ్యాహ్నం మూడు, మూడున్నరకు ఆగిపోయి, మళ్లీ ఏడింటికి గాని మొదలుకావు. అందువల్ల థాయ్ హోటల్‌కు ఆలస్యంగా చేరితే ఆ రోజు అక్కడితో తెగిపోతుంది. నల్లగొండ బస్సులో వచ్చేవారు ఎల్‌బీ నగర్‌లో దిగి, మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రాయదుర్గం వైపు వెళ్లే రైలుకు మారితే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, మాదాపూర్, హైటెక్ సిటీ స్టేషన్లు వస్తాయి. మీరు వెతికే హోటళ్లలో ఎక్కువ భాగం ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. ఆదివారం జనం ఎక్కువగా ఉంటారు, వంటవాళ్లకు తీరిక ఉండదు. మంగళ, బుధవారాలలో వెళ్లగలిగితే మీ ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పే మనిషి దొరుకుతాడు.

హోటల్‌ను ఎంచుకునేటప్పుడు పేరు కంటే మెనూను చూడండి. ఒకే మెనూలో సూషీ, మోమో, మంచూరియా, థాయ్ కూర, రామెన్ అన్నీ ఉన్న చోట వంట చెడ్డదని నేను అనను. కానీ అక్కడి వంటశాలలో రెండు మూడు సాసులే అటూ ఇటూ తిప్పి అన్నింటిలోనూ వాడే అవకాశం ఎక్కువ, అప్పుడు మీ మిత్రుడు అన్నట్టే అన్నీ ఒకే రుచిగా అనిపిస్తాయి. ఒక దేశపు వంటనే వండే చోటును, మెనూ చిన్నదిగా ఉన్న చోటును ఎంచుకోండి. ముందురోజు ఫోన్ చేసి, "మీ కూర ముద్దను మీరే నూరుతారా, డబ్బాలో వచ్చినది వాడతారా" అని అడగండి. స్వయంగా నూరేవారు ఆ ప్రశ్నకు సంతోషించి నాలుగు మాటలు ఎక్కువే చెబుతారు.

ఇక మీ మిత్రుడి ప్రశ్నకు వస్తాను. చైనా నుంచి వలస వెళ్లినవారి ద్వారా నూడుల్స్, సోయా సాస్, మూకుడులో పెద్దమంటపై వేయించే పద్ధతి ఈ దేశాలన్నింటికీ చేరాయి, అది నిజమే. అయితే ఈ వంటలకు పునాది వేరు. ఉప్పు కోసం చేపల నుంచో రొయ్యల నుంచో తీసిన రసాన్ని, ముద్దను వాడతారు. పులుపు కోసం చింతపండు, నిమ్మకాయ వాడతారు. వాసన కోసం నిమ్మగడ్డి, మనం దుంపరాష్ట్రం అనే అల్లపు జాతి దుంప, నిమ్మజాతి చెట్టు ఆకు వాడతారు. వీటన్నింటినీ రోట్లో నూరుతారు. చింతపులుపు, పచ్చిమిర్చి, పల్లీలు, ఎండు రొయ్యలు, రోలు అన్నవి నల్లగొండ, పాలమూరు ఇళ్లకు కొత్తవి కావు. మన హోటళ్లలో దొరికే చైనీస్ వంట కంటే ఈ వంటలే మన నాలుకకు దగ్గరివని నేను గట్టిగా నమ్ముతాను. ఆ దగ్గరితనం తెలియాలంటే ఒక షరతు ఉంది: ఆ రోజు మన కోసం వంటను మార్చమని ఎక్కడా అడగవద్దు. మన ముఖాలు చూడగానే సర్వర్ "ఇండియన్ స్టైల్ స్పైసీ చేయమంటారా" అని అడుగుతాడు. అలా చేయించుకుంటే వెల్లుల్లి, కారప్పొడి, సోయా సాస్ మరికొంత పడి అసలు రుచి మునిగిపోతుంది. "అక్కడ ఎలా చేస్తారో అలాగే చేయండి" అని చెప్పండి. కారం చాలకపోతే తర్వాత కలుపుకోవచ్చు, ఎక్కువ పడితే తీయలేము.

అన్నింటికంటే ముందు తెలుసుకోవలసింది చేప సాస్ గురించి. థాయ్‌లాండ్‌లో దీన్ని నామ్ ప్లా అంటారు, వియత్నాంలో నూక్ మామ్ అంటారు. నెత్తళ్ల వంటి చిన్న సముద్రపు చేపలను, సుమారు మూడు పాళ్ల చేపకు ఒక పాలు ఉప్పు చొప్పున, పెద్ద తొట్టెల్లో వేసి ఏడాది పాటు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం ఊరనిస్తారు. చేపలోని మాంసకృత్తులు విడిపోయి, ఎర్రటి తేటగా అడుగు నుంచి కారుతుంది. సీసా మూత తీసి వాసన చూస్తే ఎవరైనా ముఖం తిప్పుకుంటారు, అందుకే సీసాను వాసన చూడవద్దని మిత్రులకు ముందే చెబుతాను. అది వేడి మూకుడు అంచున పడిన క్షణంలో ఆ ఘాటు ఎగిరిపోయి, వెనుక ఒక లోతైన రుచి మిగులుతుంది. నిమ్మరసం, చక్కెర, పచ్చిమిర్చి, వెల్లుల్లి, నీళ్లు కలిపినప్పుడు కూడా అంతే, చేప అనే తలపే రాదు. సంతలో ఎండు రొయ్యలు కొని తొక్కులోనో వంకాయ కూరలోనో వేసుకునే మనవాళ్లకు ఇది అందని రుచి ఎంతమాత్రం కాదు.

మీలోని ఇద్దరు శాకాహారులకు మాత్రం ఇదే పెద్ద చిక్కు, దాన్ని దాచకుండా వారికి ముందే చెప్పండి. మెనూలో ఆకుపచ్చ గుర్తు ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండవద్దు. సంప్రదాయంగా నూరిన థాయ్ ఆకుపచ్చ కూర ముద్దలోనే రొయ్యల ముద్ద కలిసి ఉంటుంది. అందులో కోడి ముక్కలు తీసి కూరగాయలు వేసినంత మాత్రాన అది శాకాహారం కాదు. పాడ్ థాయ్ అనే వేపుడు నూడుల్స్‌లో చేప సాస్, ఎండు రొయ్యలు ఉంటాయి. కూరగాయల వేపుడులో ఆల్చిప్పల సాస్ పడుతుంది. అందువల్ల ఫోన్‌లో టేబుల్ చెప్పేటప్పుడే "చేప సాస్, ఆల్చిప్పల సాస్, రొయ్యల ముద్ద, ఎండు రొయ్యలు, చేప రసం ఏవీ లేకుండా, సోయా సాస్‌తో వండగలరా, కూర ముద్ద విడిగా ఉందా" అని ఒక్కొక్కటిగా అడగాలి. దీన్ని వారు వింతగా చూడరు. బౌద్ధం వల్ల ఆ దేశాల్లోనూ గట్టి శాకాహార సంప్రదాయం ఉంది. థాయ్‌లాండ్‌లో దాన్ని జే అంటారు, చైనా చాంద్రమానపు తొమ్మిదో నెలలో తొమ్మిది రోజుల పండుగ జరుపుతారు, ఫుకెట్‌లో అది చాలా ఘనంగా జరుగుతుంది. వియత్నాంలో పౌర్ణమికి, చాంద్రమాన నెల మొదటి రోజుకు మాంసం మానేసేవారు ఎందరో ఉన్నారు. తెలిసిన వంటవాడికి ఈ పని కొత్త కాదు.

రొయ్యలు పడని మిత్రుడి సంగతి ఇంకా తీవ్రమైనది, ఎందుకంటే శాకాహారికి అది నియమం, ఆయనకు అది ప్రాణానికి సంబంధించినది. రొయ్య కంటికి కనిపించే వంటల కంటే కనిపించనివే ప్రమాదం. ఇప్పుడు చెప్పిన కూర ముద్దలు, టామ్ యమ్ అనే పుల్లని థాయ్ సూప్‌లో కలిపే వేయించిన మిర్చి ముద్ద, మలేషియాలో సాంబల్ అనే మిర్చి పచ్చడి, లక్సా అనే నూడుల్ సూప్, ఇండోనేషియా పల్లీ సాసులు కొన్ని, ఇవన్నీ సాధారణంగా రొయ్యతో కలిసినవే. రొయ్యలు వేయించిన నూనెలోనే మిగతావీ వేయిస్తారు. ఆయనకు ఒళ్లు దద్దుర్లు మాత్రమే వస్తాయా, ఊపిరి కూడా ఇబ్బంది అవుతుందా అన్నది మీకు తెలిసి ఉండాలి. ఊపిరి ఇబ్బంది అయ్యే మనిషైతే ఇండోనేషియా, మలేషియా వంటను ఆయన పూర్తిగా మానుకొని, వియత్నాం హోటల్‌లో ఎక్కువ తినడం మంచిది. అక్కడ కూడా వంటవాడితో నేరుగా మాట్లాడిన తర్వాతే తినాలి. మిగతావారు కూడా ఆయన పళ్లెంలో తమ చెంచా పెట్టకూడదు.

ఇప్పుడు మొదటి హోటల్. ఆరుగురికి నాలుగు పళ్లేలు చాలు. ఎవరికి వారు ఒక్కొక్కటి తెప్పించుకుంటే మొదటి చోటే రోజు ముగిసిపోతుంది. ముందుగా గోయ్ కూన్ తెప్పించండి. బియ్యపు పిండితో చేసిన పలుచని కాగితం వంటి రేకులో సన్నని సేమియా, పుదీనా, కొత్తిమీర, తులసి జాతి ఆకు, లెట్యూస్, రొయ్య లేదా కోడిమాంసం పెట్టి చుట్టి, వేయించకుండా అలాగే ఇస్తారు. లోపలి ఆకులు రేకులోంచి పచ్చగా కనబడుతుంటాయి. శాకాహారులకు పన్నీరు గాని టోఫు గాని పెట్టిన చుట్టలు దొరుకుతాయి. దీనిని ముంచుకునే సాసులు రెండు రకాలు: ఒకటి చేప సాస్‌తో చేసినది, మరొకటి పల్లీలతో చేసినది. పల్లీ సాస్‌లో చేప సాస్ కలిపారా అని మళ్లీ అడగాలి.

తర్వాత ఫో. ఇది ఉత్తర వియత్నాంలో, ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో రూపుదిద్దుకున్న నూడుల్ సూప్. మంటపై నేరుగా కాల్చి మసిబార్చిన ఉల్లిగడ్డ, అల్లం, అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగం వేసి ఎముకలను గంటల తరబడి సన్నని సెగ మీద మరిగిస్తారు. మనం బిర్యానీలో వేసే దినుసులే, కానీ ఇక్కడ వాటిని నూనెలో వేయించరు, నీటిలోనే వదులుతారు. అందుకే వాసన తేలికగా, తీయగా ఉంటుంది. అక్కడి మూల వంట గొడ్డుమాంసంతో చేసేది. కోడితో చేసేది కూడా అక్కడ బాగా వాడుకలో ఉన్నదే కాబట్టి, మీలో గొడ్డుమాంసం తిననివారు ఉంటే కోడి ఫో అడగండి, రసం కూడా కోడి ఎముకలదేనా అని నిర్ధారించుకోండి. గిన్నె మీ ముందుకు రాగానే ఏమీ కలపకండి. ముందు రెండు చెంచాల రసాన్ని అలాగే తాగండి. వంటవాడి పనితనమంతా ఆ రసంలోనే ఉంది. ఆ తర్వాత పక్కన ఇచ్చిన ఆకులను చేత్తో తుంచి వేయండి, నిమ్మకాయ పిండండి, పచ్చిమిర్చి ముక్కలు వేయండి, మళ్లీ తాగండి. గిన్నె సగానికి వచ్చేసరికి ఆకులు వేడికి వాడి, మొదటి చెంచాకు, చివరి చెంచాకు రుచి ఎంతో మారిపోతుంది. సాస్ సీసా అందుకొని మొదట్లోనే పోసుకునేవారు ఈ మార్పును చూడలేరు. ఆరుగురికి రెండు గిన్నెలు తెప్పించి, చిన్న గిన్నెలలోకి పంచుకోండి.

బాన్ మీ అనే బ్రెడ్ ఫ్రెంచివారి పాలన వదిలిపోయిన గుర్తు. చాలా బాగుంటుంది, కాని ఆ రోజు బ్రెడ్‌తో కడుపు నింపుకోవద్దని నా సలహా. కాఫీ మాత్రం వదలకండి. ప్రపంచంలో బ్రెజిల్ తరువాత ఎక్కువ కాఫీ పండించే దేశం వియత్నాం, అందులో ఎక్కువ భాగం రోబస్టా రకం. గ్లాసు మీద చిన్న లోహపు ఫిల్టర్ పెట్టి, చుక్క చుక్కగా దిగిన చిక్కటి డికాషన్‌ను కండెన్స్‌డ్ మిల్క్‌తో కలిపి, మంచుముక్కల మీద పోసి ఇస్తారు. అది దిగేందుకు కొన్ని నిమిషాలు పడుతుంది కాబట్టి, తినడం మొదలుపెట్టినప్పుడే చెప్పి ఉంచండి.

థాయ్ హోటల్‌లో ఎక్కువ సేపు గడపండి, ఆ రోజుకు అదే గుండెకాయ. కూర్చోగానే సోమ్ తమ్ అనే పచ్చి బొప్పాయి సలాడ్ చెప్పండి, వీలైతే లేచి వెళ్లి దాన్ని చేస్తున్నప్పుడు చూడండి, చాలా చోట్ల అడిగితే చూపిస్తారు. లోతైన రోట్లో ముందు వెల్లుల్లి, మిర్చి వేసి రెండు మూడు దెబ్బలు వేస్తారు, ముద్ద కానివ్వరు. తాటిబెల్లం, పొడవు చిక్కుడు ముక్కలు, చిన్న టమాటాలు, వేయించిన పల్లీలు, ఎండు రొయ్యలు వేసి, నిమ్మరసం, చేప సాస్ పోస్తారు. చివర పచ్చి బొప్పాయి తురుము వేసి, కుడిచేత్తో రోకలి మెల్లగా దించుతూ, ఎడమచేతిలోని పెద్ద చెంచాతో అడుగు నుంచి పైకి తిప్పుతూ పోతారు. దెబ్బ గట్టిగా పడితే బొప్పాయి నలిగి నీరు కారుతుంది, మెత్తగా పడితే పులుసు లోపలికి ఇంకదు. వంటవాడు మధ్యలో ఆగి చెంచా కొసతో రుచి చూసి, మరో నిమ్మబద్ద పిండుతాడు. ఒక్కొక్క నిమ్మకాయ పులుపు, ఒక్కొక్క మిర్చి కారం వేరు కాబట్టి దీనికి కొలత లేదు, నాలుకే కొలత. ఇది థాయ్‌లాండ్ ఈశాన్యంలోని ఇసాన్ ప్రాంతం, దాన్ని ఆనుకున్న లావోస్‌ల వంట. అక్కడ దీన్ని జిగురు అన్నంతో, ఆ అన్నాన్ని చేత్తో ముద్ద చేసుకొని తింటారు. మీరు కూడా అలాగే తినండి.

మిర్యాలగూడ మిల్లుల నీడలో పెరిగిన మీకు బియ్యం గురించి ఒకరు చెప్పవలసిన అవసరం లేదు, అయినా ఈ రెండు రకాలనూ శ్రద్ధగా చూడమంటాను. మల్లెబియ్యం అనదగిన జాస్మిన్ రైస్ పొడుగ్గా, తెల్లగా, వాసనతో ఉంటుంది. అందులో అమైలోజ్ అనే పిండిపదార్థం మన సోనా మసూరి కంటే తక్కువ కాబట్టి మెతుకులు కొద్దిగా అంటుకుంటాయి. జిగురు బియ్యంలో ఆ పదార్థం దాదాపు ఉండదు. అందుకే దాన్ని గంజి వార్చి వండరు, రాత్రంతా నానబెట్టి వెదురు బుట్టలో ఆవిరిపై ఉడికిస్తారు. మామిడి రోజుల్లో వెళ్తే ఇదే అన్నాన్ని తియ్యటి కొబ్బరిపాలలో నానబెట్టి, పండు ముక్కలతో ఇస్తారు, తప్పక తినండి. కాలం కాని కాలంలో డబ్బా మామిడితో ఇచ్చేదాన్ని వదిలేయండి.

టామ్ యమ్ సూప్‌ను యునెస్కో 2024లో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. రొయ్యలతో చేసేదే పేరుపొందినది, మీ బృందంలో ఒకరికి అవి పడవు కాబట్టి పుట్టగొడుగులతో చేసినది విడిగా చెప్పించండి, అందులోనూ మిర్చి ముద్ద వేయవద్దనండి. నిమ్మగడ్డి కాడలు, దుంపరాష్ట్రం ముక్కలు, నిమ్మాకులు వాసన కోసం వేసినవి, నమలడానికి కాదు. కరివేపాకు వలె పక్కకు తీసి పెట్టుకోవాలి. నిమ్మరసాన్ని పొయ్యి దించిన తర్వాతే కలపాలి, పొయ్యి మీద మరిగితే చేదెక్కుతుంది. నాలుక చివర చేదు తగిలిందంటే అక్కడ తొందరపడ్డారని తెలుసుకోండి.

ఆకుపచ్చ కూరలో మంచి చెడులను కంటితోనే పట్టవచ్చు. చిక్కటి కొబ్బరిపాలను ముందు మరిగించి నూనె విడిపోనిచ్చి, ఆ నూనెలో కూర ముద్దను వేయించి, తర్వాత పలుచని పాలు పోస్తారు. అలా చేసిన కూర పైన సన్నని ఆకుపచ్చ నూనె చుక్కలు తేలుతాయి. కార్న్‌ఫ్లోర్ కలిపి చిక్కబరచిన కూర పైన ఆ చుక్కలు ఉండవు, గిన్నెలో సున్నం కలిపినట్టు ఒకే రంగుగా కనిపిస్తుంది. మసమన్ కూర ఏలకులు, దాల్చినచెక్క, ఆలుగడ్డలు, పల్లీలతో ముస్లిం వర్తకుల రుచిని గుర్తుచేస్తుంది, మన ఇళ్లలోని పెద్దలకు ఎంతో నచ్చుతుంది. అయితే ఒక్క కూరే తెప్పించగలిగితే ఆకుపచ్చదే తెప్పించండి, ఎందుకంటే మసమన్ రుచి మనకు ఊహకు అందుతుంది, ఆకుపచ్చ కూర రుచి అందదు. పాడ్ థాయ్ అందరికీ తెలిసిన పేరు. 1930ల చివర, 1940లలో థాయ్ ప్రధాని ఫిబున్ సోంగ్‌ఖ్రామ్ ప్రభుత్వం నూడుల్స్ వాడకాన్ని ప్రోత్సహించిన కాలంలో అది దేశమంతా వ్యాపించింది. దానిలో ఎర్రటి టమాటా సాస్ తగిలితే అది మన కోసం మార్చిన వంట, చింతపండు, తాటిబెల్లం రుచి తగలాలి.

అక్కడ చాప్‌స్టిక్స్ కోసం వెతకవద్దు. థాయ్‌లాండ్‌లో అన్నాన్ని కుడిచేతి చెంచాతో తింటారు, ఎడమచేతి ఫోర్క్‌తో చెంచాలోకి తోస్తారు. చాప్‌స్టిక్స్ నూడుల్స్‌కే వాడతారు. చక్కెర, చేప సాస్, మిర్చి పొడి, మిర్చి నానిన వెనిగర్ ఉన్న నాలుగు చిన్న డబ్బాల సెట్ ఉందా అని అడగండి. నూడుల్స్‌ను ఎవరి నాలుకకు తగినట్టు వారు దిద్దుకోవడం అక్కడి మర్యాద. మిర్చి మండిందని చల్లటి నీళ్లు తాగితే ఉపయోగం లేదు, మంట పుట్టించే క్యాప్సైసిన్ నీటిలో కరగదు. కొబ్బరిపాల కూర కలిపిన అన్నం రెండు ముద్దలు తింటే తగ్గుతుంది.

థాయ్ హోటల్ నుంచి బయటికి వచ్చాక ఏడింటి వరకు ఏమీ తినవద్దు, నడవండి. కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న బాట చాలు.

రాత్రికి మలేషియా, ఇండోనేషియా వంట. ఈ వంట మీద నాకు పక్షపాతం ఉంది, దాన్ని నేను దాచను. నాసి లెమాక్ అంటే కొబ్బరిపాలలో పాండన్ అనే సువాసన ఆకు వేసి వండిన అన్నం, దానితో తీపి కారపు సాంబల్, వేయించిన నెత్తళ్లు, పల్లీలు, ఉడికిన గుడ్డు, కీరదోస ముక్కలు. మలేషియాలో పొద్దున్నే మలే, చైనా, భారత సంతతివారంతా ఒకే చోట కూర్చొని దీన్నీ, పరోటా వంటి రోటీ చనాయ్‌నీ, పైనుంచి కిందికి తిరగబోసి నురుగు తెప్పించిన టీనీ తీసుకుంటారు. ఆ ఉదయపు భోజన సంస్కృతి కూడా 2024లోనే యునెస్కో జాబితాకెక్కింది. రోటీ చనాయ్‌ను అక్కడికి తీసుకెళ్లింది దక్షిణ భారత ముస్లింలు, పప్పుతో తింటారు. మీ శాకాహారులకు అది తేలికగా సరిపోతుంది, నెయ్యి, గుడ్డు సంగతి అడిగి తెలుసుకుంటే చాలు.

రెండాంగ్ దొరికితే వదలకండి. పశ్చిమ సుమత్రాలోని మినంగ్‌కబౌ జనుల వంట అది. మాంసాన్ని కొబ్బరిపాలు, మసాలా ముద్దలతో గంటల తరబడి ఉడికిస్తే, మొదట పులుసుగా, తర్వాత చిక్కటి కూరగా, చివరికి నీరంతా ఇగిరిపోయి, తన కొబ్బరి నూనెలోనే తాను వేగి నల్లబడుతుంది. పెళ్లిళ్లకు మాంసం ఇగురు పెట్టే మన వంటమనుషులకు దాన్ని తినిపించినప్పుడు, చివరి దశలో గరిటె ఎంతసేపు ఆపకుండా తిప్పి ఉంటారో వాళ్లే చెప్పారు. పళ్లెంలో పులుసు నిలిచి ఉంటే అది రెండాంగ్ పూర్తి కాలేదన్నమాట.

మాంసాన్ని పుల్లకు గుచ్చి కాల్చే సాతేతో వచ్చే పల్లీ సాస్‌ను వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు మిత్రులు ఇష్టపడకపోవడం నేను ఇంతవరకు చూడలేదు. పల్లీలు పండించే నేల మనది, కాని పల్లీని నిమ్మగడ్డి, చింతపండు, బెల్లంతో ఉడికించి మాంసానికి తోడు చేయడం మన వంటింట్లో లేదు. శాకాహారులకు టెంపే అడగండి. జావా ద్వీపంలో పుట్టిన పదార్థమిది. పొట్టు తీసి ఉడికించిన సోయా గింజలకు ఒక రకం బూజు పట్టించి, అరటాకులో చుట్టి ఒకటి రెండు రోజులు ఉంచితే గింజలన్నీ అతుక్కొని గట్టి పలక అవుతుంది. ముక్కలు కోసి వేయిస్తే పుట్టగొడుగు వాసనతో కరకరలాడుతుంది. మాంసం లేని వంటలో ఇంత నమలదగిన పదార్థం అరుదు.

లక్సాలో కొబ్బరిపాలతో చేసే రకం హైదరాబాద్‌లో తేలికగా దొరుకుతుంది. పెనాంగ్ వారి ఆసామ్ లక్సా దొరకడం కష్టం, దొరికితే మిగతావన్నీ పక్కనబెట్టి దాన్నే తెప్పించండి. కొబ్బరి ఉండదు. చేపను ఉడికించి, ముళ్లు తీసి, చేత్తో నలిపి, చింతపండు రసంలో కలిపి, లావు బియ్యపు నూడుల్స్ మీద పోసి, పైన పచ్చి ఉల్లిగడ్డ, పుదీనా, అనాసపండు ముక్కలు, ఒక చెంచా తియ్యటి నల్లని రొయ్యల ముద్ద వేస్తారు. దేవరకొండ మిత్రుడొకరు దాన్ని రెండు చెంచాలు తాగి, పళ్లెం తన వైపు జరుపుకొని, "ఇది మా అమ్మ చేసే చేపల పులుసులో సేమియా వేసినట్టుందన్నా" అన్నారు. ఆ పళ్లెం ఇక మాకు తిరిగి రాలేదు.

బర్మా వంట అడుగుతారని తెలుసు. ఖౌస్వే పేరుతో మన హోటళ్లలో దొరికే కొబ్బరిపాల నూడుల్స్, బర్మా నుంచి తిరిగివచ్చిన భారతీయ కుటుంబాలతో ఈ దేశంలో వ్యాపించింది. రంగూన్‌లో ఒకప్పుడు తెలుగువారు ఎంతోమంది ఉండేవారు కాబట్టి ఆ వంట పట్ల నాకు ప్రత్యేకమైన మమకారం ఉంది. కానీ దాన్ని ఈ రోజులో ఇరికించవద్దు, మరో రోజుకు ఉంచుకోండి. అప్పుడు ఖౌస్వేకు ముందే లాఫెట్ అనే పులియబెట్టిన తేయాకు సలాడ్ తెప్పించండి. పల్లీలు, వేయించిన వెల్లుల్లి, నువ్వులు, నిమ్మరసంతో కలిపి ఇస్తారు. ఎండు రొయ్యలు, చేప సాస్ వేయవద్దని ముందుగానే చెబితే మీ ఆరుగురూ ఒకే పళ్లెంలోంచి తినగలిగే వంట అది.